గంజాయి: చట్టం ఒక్కటే.. అమలు తీరులెన్నో

పాడేరు: సంచిలో దొరికిన గంజాయి 20 కిలోలు దాటితే కనీస శిక్ష పదేళ్లు. ఆ గీతకు లోబడి ఉంటే కనీస శిక్ష అంటూ లేదు. కిలోకు మించకపోతే జైలు ఏడాది దాటదు. అదే మొక్క ఆకును నూరి పాలలో కలిపి తాగితే, కేంద్ర చట్టం దృష్టిలో అది గంజాయే కాదు. మాదకద్రవ్యాల నిరోధక చట్టం (ఎన్‌డీపీఎస్) దేశమంతటికీ ఒక్కటే. అయినా విశాఖ మన్యంలో దాని పోటు ఒక తీరుగా, హైదరాబాద్ ఐటీ ప్రాంతంలో మరో తీరుగా, ఉత్తరాది భంగు దుకాణాల వద్ద ఇంకో తీరుగా ఉంటోంది. అల్లూరి సీతారామరాజు, అనకాపల్లి, విశాఖపట్నం జిల్లాల్లో నమోదవుతున్న గంజాయి కేసుల్లో ఎవరు ఎంతకాలం జైల్లో ఉంటారన్నది, నేరంలో వారి పాత్ర కంటే వారి చేతిలో దొరికిన సంచి బరువు మీదే ఎక్కువగా ఆధారపడుతోంది.

లైసెన్సు నుంచి నిషేధం దాకా..

గంజాయి ఈ నేలకు కొత్త కాదు. నిషేధమే కొత్త. బ్రిటిషు పాలనలో గంజాయి, భంగు, చరస్ మూడూ ఎక్సైజ్ ఆదాయ వనరులుగా ఉండేవి. మద్రాసు ప్రెసిడెన్సీలో బాపట్ల ప్రాంతంలోని సంతరావూరు పరిసరాలు ప్రభుత్వ పర్యవేక్షణలో సాగే గంజాయికి పేరొందాయి. 1893లో ఏర్పాటైన ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ దేశవ్యాప్తంగా వెయ్యి మందికి పైగా సాక్షులను విచారించింది. పూర్తి నిషేధం అవసరం లేదని, పన్ను, లైసెన్సుల ద్వారా అదుపు చేస్తే చాలని మరుసటి ఏడాది నివేదిక ఇచ్చింది. ఆ విధానమే దాదాపు తొమ్మిది దశాబ్దాలు సాగింది.

1961లో ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో కుదిరిన మాదకద్రవ్యాల ఒప్పందం దీన్ని మార్చింది. సంప్రదాయంగా గంజాయి వాడుక ఉన్న దేశాలు వైద్యేతర వినియోగాన్ని 25 ఏళ్లలో నిలిపివేయాలని అందులో గడువు పెట్టారు. పూత, కాయ ఉన్న కొసలనే నిర్వచనంలో చేర్చి, కొసలు లేని ఆకులను వదిలేశారు. గడువు దగ్గరపడుతుండగా పార్లమెంటు ఎన్‌డీపీఎస్ చట్టాన్ని ఆమోదించింది. అది 1985 నవంబరు 14న అమల్లోకి వచ్చింది. ఆకు మినహాయింపు మన చట్టంలోనూ యథాతథంగా నిలిచింది. భంగు నేటికీ బతికి ఉండటానికి మూలం అదే.

మొదటి చట్టంలో గంజాయికి గరిష్ఠ శిక్ష ఐదేళ్లు, జరిమానా రూ.50 వేలు. సాగుకూ అంతే. హెరాయిన్, చరస్‌ల వంటివాటికి మాత్రం కనీసం పదేళ్లు, గరిష్ఠంగా ఇరవయ్యేళ్లుగా నిర్ణయించారు. నాటి శాసనకర్తలు గంజాయిని మిగిలిన మత్తు పదార్థాలతో ఒకే గాటన కట్టలేదన్నమాట.

2001లో గీసిన గీత

కొద్దిపాటి సరకుతో దొరికిన బానిసకు, టన్నులకొద్దీ రవాణా చేసే ముఠాకు ఒకే శిక్ష ఏమిటన్న విమర్శల నేపథ్యంలో 2001లో చట్టాన్ని సవరించారు. ఆ ఏడాది అక్టోబరు 2 నుంచి శిక్షను సరకు పరిమాణంతో ముడిపెట్టారు. గంజాయి విషయంలో కిలో వరకు స్వల్ప పరిమాణం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం అని కేంద్రం అదే నెలలో ప్రకటన జారీ చేసింది. చరస్‌కు ఈ హద్దులు వంద గ్రాములు, కిలో.

శిక్షల్లో హేతుబద్ధత తెచ్చే సవరణగానే దీన్ని అప్పట్లో చెప్పుకొన్నారు. గంజాయి వరకు మాత్రం ఫలితం తిరగబడింది. అంతకుముందు ఎంత సరకు దొరికినా ఐదేళ్లకు మించని శిక్ష, 20 కిలోలు దాటితే కనీసం పదేళ్లు, గరిష్ఠంగా ఇరవయ్యేళ్లు అయింది. జరిమానా లక్ష నుంచి రెండు లక్షల రూపాయలు. కిలోకు పైన, వాణిజ్య పరిమాణానికి లోపు ఉంటే పదేళ్ల వరకు శిక్ష, లక్ష వరకు జరిమానా. స్వల్ప పరిమాణానికి మొదట ఆరు నెలలుగా ఉన్న శిక్షను 2014 సవరణలో ఏడాదికి పెంచారు. సాగుకు తూకంతో నిమిత్తం లేకుండా పదేళ్ల వరకు శిక్ష వేయవచ్చు.

వాణిజ్య పరిమాణం రుజువైతే నిందితుడి వయసు, పేదరికం, తొలి నేరం వంటివాటిని చూసి శిక్షను పదేళ్లకంటే తగ్గించే అధికారం న్యాయమూర్తికి లేదు. 32ఏ సెక్షన్ కారణంగా శిక్షా కాలంలో తగ్గింపులు కూడా వర్తించవు. స్వాతంత్ర్య దినోత్సవం, గాంధీ జయంతి వంటి సందర్భాల్లో సత్ప్రవర్తన పేరిట ఖైదీలను విడుదల చేసే జాబితాల్లో గంజాయి కేసుల వారు కనిపించకపోవడానికి ఇదే కారణం.

పెట్టుబడి ఒకరిది.. పట్టుబడి మరొకరిది

చింతపల్లి, గూడెం కొత్తవీధి, జి.మాడుగుల, పెదబయలు, ముంచంగిపుట్టు మండలాల కొండవాలుల్లో సాగైన ‘శీలావతి’ రకానికి దక్షిణాది అంతటా గిరాకీ ఏర్పడింది. తొలకరితో నాటిన మొక్క శీతాకాలానికి కోతకు వస్తుంది. 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనడానికి వీల్లేదు. కనుక బయటి వ్యాపారి భూమి జోలికి పోడు. విత్తనం, ఎరువు, ముందస్తు సొమ్ము ఇచ్చి పంట కొనుక్కుంటాడు. భూమి గిరిజనుడిది, పేరు గిరిజనుడిది, కేసూ గిరిజనుడి మీదే. పైగా తన భూమిలో అక్రమ సాగు జరుగుతున్నట్లు తెలిసీ సమాచారం ఇవ్వకపోతే 46వ సెక్షన్ కింద అదీ నేరమే. సర్పంచి, గ్రామాధికారులపైనా 47వ సెక్షన్ ఇదే బాధ్యత ఉంచింది.

కోసి ఎండబెట్టిన సరకును రెండు కిలోలు, ఐదు కిలోల ప్యాకెట్లుగా గట్టిగా అదిమి కడతారు. అది నర్సీపట్నం మీదుగా అనకాపల్లి, తుని వద్ద జాతీయ రహదారికి చేరుతుంది. లేదా సీలేరు, డొంకరాయి, చింతూరు మీదుగా భద్రాచలం దారి పడుతుంది. ఆటోలు, ద్విచక్ర వాహనాలు, ఆర్టీసీ బస్సులు, రైళ్లు.. దేన్నీ వదలరు. మోసేవారు కూలీకి వచ్చిన గిరిజన యువకులు, తమిళనాడు, కేరళ, మహారాష్ట్రల నుంచి సరకు కోసం వచ్చిన కుర్రాళ్లు. తనిఖీలో దొరికేది వీరే. సంచి 20 కిలోలు దాటితే ఈ కూలీ చట్టం దృష్టిలో వాణిజ్య స్థాయి రవాణాదారు అవుతాడు. సరకు యజమాని పేరు అభియోగపత్రంలో ‘పరారీ’ అన్న మాట పక్కన మిగిలిపోవడం పరిపాటి.

పెట్టుబడిదారులను వదిలేయాలని చట్టం చెప్పలేదు. అక్రమ రవాణాకు డబ్బు సమకూర్చేవారికి 27ఏ సెక్షన్ కింద పదేళ్ల నుంచి ఇరవయ్యేళ్ల శిక్ష ఉంది. ఇక్కడ తూకం లెక్క కూడా లేదు. కానీ 2014 సవరణలో జరిగిన పొరపాటు ఈ సెక్షన్‌ను ఏడేళ్లపాటు చిక్కుల్లో పడేసింది. ‘అక్రమ రవాణా’కు నిర్వచనం ఇచ్చే ఉపనిబంధన సంఖ్య మారింది. 27ఏలో మాత్రం పాత సంఖ్యే ఉండిపోయింది. అక్షరాలా చదివితే ఆ సెక్షన్ ఏ నేరాన్నీ సూచించని స్థితి. త్రిపుర హైకోర్టు ఎత్తిచూపిన తర్వాత 2021 సెప్టెంబరులో ఆర్డినెన్సు, ఆపై చట్టం తెచ్చి 2014 మే 1 నుంచే వర్తించేలా సరిచేశారు. మన్యంలో గంజాయి వేల ఎకరాలకు విస్తరించిన కాలమూ ఇంచుమించు అదే కావడం గమనార్హం.

మరో అడ్డంకి సాక్ష్యం. పట్టుబడిన వ్యక్తి పోలీసులకు ఫలానావారు ఇచ్చారని చెప్పినా అది కోర్టులో చెల్లదు. నార్కోటిక్స్ కంట్రోల్ బ్యూరో వంటి సంస్థల అధికారుల ముందు ఇచ్చిన ఒప్పుకోలుకు కూడా అదే వర్తిస్తుందని 2020 అక్టోబరులో తూఫాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. బలవంతపు వాంగ్మూలాల నుంచి నిరుపేదకు రక్షణ ఇచ్చిన తీర్పు ఇది. అయితే ఫోన్ సంభాషణల వివరాలు, బ్యాంకు లావాదేవీలు సేకరించేంత ఓపిక దర్యాప్తు అధికారికి లేకపోతే అదే తీర్పు వెనకున్నవారికీ గొడుగవుతుంది. చట్టంలోని ఆస్తుల జప్తు అధ్యాయాన్ని ఉపయోగించి పాత నిందితుల ఆస్తులను స్తంభింపజేసే ప్రక్రియను రాష్ట్రంలో ఇటీవలి సంవత్సరాల్లో చేపట్టారు. ఇది ఎంత ముందుకు సాగితే అంత మేలు.

బెయిలు దొరికేదెవరికి?

వాణిజ్య పరిమాణం కేసుల్లో 37వ సెక్షన్ అడ్డుగోడ. నిందితుడు నేరం చేయలేదనడానికి సహేతుక కారణాలున్నాయని, బయటకొస్తే మళ్లీ నేరం చేయడని న్యాయస్థానం నమ్మితేనే బెయిలు. అభియోగపత్రం దాఖలుకు గడువు 180 రోజులు. తగిన కారణాలు చూపితే ఏడాది వరకు పొడిగించవచ్చు. విచిత్రం ఏమంటే, ఈ సెక్షన్ పేర్కొన్న నేరాల జాబితాలో సాగు పేరు లేదు. ఎకరం పంట వేసిన వ్యక్తికంటే 21 కిలోల సంచి మోసిన కూలీకి బెయిలు కష్టం కావడం ఇందువల్లే.

తూకం దగ్గరే అసలు వాదన మొదలవుతుంది. పూత, కాయ ఉన్న కొసలే గంజాయి. విడిగా ఉన్న ఆకు, గింజ లెక్కలోకి రావు. పట్టుబడిన సంచిలో కాడ, ఆకు, గింజ అన్నీ కలిపి తూచారని, అవి తీసేస్తే 20 కిలోలు ఉండదని వాదించి హైకోర్టుల నుంచి బెయిలు పొందినవారున్నారు. కొసలతో కలిసి ఉంటే ఆకు కూడా లెక్కలోకి వస్తుందంటూ తోసిపుచ్చిన సందర్భాలూ ఉన్నాయి. ఇద్దరు చెరో 12 కిలోలు మోస్తూ ఒకే బండిలో దొరికితే కలిపి తూయాలా, విడివిడిగానా అన్నదీ తరచూ కోర్టులకెక్కుతున్న ప్రశ్నే.

శరీర సోదా చేసేముందు గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేటు సమక్షం కోరే హక్కు ఉందని నిందితుడికి చెప్పాలని 50వ సెక్షన్ నిర్దేశిస్తోంది. చేతిలోని సంచికి, వాహనానికి ఇది వర్తించదని 2005లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మన్యం కేసుల్లో సరకు దాదాపు ఎప్పుడూ సంచిలోనే ఉంటుంది గనుక ఈ రక్షణ ఇక్కడ అక్కరకు వచ్చేది తక్కువ. అక్కరకు వచ్చేది 52ఏ సెక్షన్. నమూనాలను మేజిస్ట్రేటు సమక్షంలో తీయాలని 2016లో మోహన్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2022 డిసెంబరులో కేంద్రం ఇందుకు ప్రత్యేక నిబంధనలు కూడా తెచ్చింది. ఇవి పాటించని కేసులు విచారణలో వీగిపోయిన ఉదంతాలు ఉన్నాయి. కానీ అప్పటికి నిందితుడు కొన్నేళ్లు జైల్లో గడిపి ఉంటాడు.

2023 మార్చిలో మహమ్మద్ ముస్లిం కేసులో సుప్రీంకోర్టు ఒక దారి తెరిచింది. 180 కిలోల గంజాయి కేసులో 23 ఏళ్ల వయసులో అరెస్టై ఏడేళ్లకు పైగా విచారణ ఖైదీగా ఉన్న యువకుడికి బెయిలిచ్చింది. విచారణ అంతులేకుండా సాగితే 37వ సెక్షన్ కూడా బెయిలుకు అడ్డు కాదని చెప్పింది. ఈ తీర్పు చూపించి బెయిలు అడగాలంటే న్యాయవాది కావాలి. బెయిలు వచ్చాక జామీను ఇచ్చేవారు కావాలి. అటవీ గ్రామంలో పట్టా పుస్తకం ఉన్న బంధువును వెతికి విశాఖ దాకా తీసుకురావడం చాలా కుటుంబాలకు తలకు మించిన పని. విశాఖ కేంద్ర కారాగారంలో ఖైదీల్లో అధిక భాగం గంజాయి కేసుల వారేనని అధికారులు పలుమార్లు వెల్లడించారు. పూచీకత్తు కట్టలేని పేద ఖైదీలకు రూ.40 వేల వరకు సాయం చేసేందుకు కేంద్రం 2023లో పథకం తెచ్చింది. ఎన్‌డీపీఎస్ కేసుల నిందితులకు అది వర్తించదని మార్గదర్శకాల్లోనే రాశారు.

‘పరివర్తన’ తర్వాత..

2021 అక్టోబరు చివర్లో, పంట కొండల మీద నిలిచి ఉన్న సమయంలో ‘ఆపరేషన్ పరివర్తన’ మొదలైంది. నాటి ఉమ్మడి విశాఖ జిల్లా ఏజెన్సీలోని 11 మండలాల్లో ఏడు వేల ఎకరాలకు పైగా పంటను ధ్వంసం చేసినట్లు పోలీసులు ప్రకటించారు. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి సమీపంలోని కోడూరు వద్ద దాదాపు రెండు లక్షల కిలోల గంజాయిని ఒకేచోట దహనం చేశారు. కొన్ని గ్రామాల్లో గిరిజనులే స్వయంగా మొక్కలు పీకేశారు.

సాగు బాగా తగ్గిందన్నది వాస్తవం. అయితే కొండకు అటువైపున్న ఒడిశాలోని మల్కన్‌గిరి, కొరాపుట్ జిల్లాల నుంచి సరకు ఇదే దారిలో రావడం ఆగలేదు. సరిహద్దు గెడ్డకు ఒక గట్టున డ్రోన్లతో గాలింపు, రెండో గట్టున మరో రాష్ట్ర పోలీసు యంత్రాంగం ప్రాధాన్యాలు. మన రాష్ట్రంలోనూ అమలు చేసే చేతులు మారుతూ వచ్చాయి. 2020లో ఏర్పాటైన ప్రత్యేక ఎన్‌ఫోర్స్‌మెంట్ బ్యూరో (సెబ్) 2024లో రద్దయింది. అదే ఏడాది నవంబరులో ‘ఈగల్’ విభాగం ఏర్పడింది.

ప్రత్యామ్నాయ పంటల సంగతి మరో కథ. కాఫీ, మిరియం, పసుపు, రాజ్‌మా సాగుకు ఐటీడీఏ ప్రోత్సాహం ఉంది. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. కానీ కాఫీ మొక్క కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. గంజాయి ఆరు నెలల పంట. ఆ మధ్యకాలంలో ఇల్లు గడిచే దారి చూపకపోతే దళారి మళ్లీ ముందస్తు సొమ్ముతో గుమ్మంలో నిలబడతాడు.

నగరంలో బాధితుడు.. కొండ మీద నేరస్థుడు

ఇదే గంజాయి హైదరాబాద్ చేరాక చట్టం ముఖం మారుతుంది. తాగినవారికి 27వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు లేదా రూ.10 వేల వరకు జరిమానా. బానిస తనంతట తాను చికిత్సకు సిద్ధపడితే 64ఏ సెక్షన్ ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. తెలంగాణలో మాదకద్రవ్యాల నిరోధక బ్యూరో 2025 జూన్‌లో ‘ఈగల్’గా మారింది. మరుసటి నెలలో గచ్చిబౌలిలో మారువేషంలో వల పన్ని, గంజాయి కొనడానికి వచ్చిన 14 మందికి పరీక్షలు చేయించి పునరావాస కేంద్రానికి పంపింది. వినియోగదారుణ్ని బాధితుడిగా చూసే ఈ పద్ధతి సరైనదే. జైలుకంటే చికిత్స మేలు. ఆ దృష్టి కొండ మీది కూలీ దాకా పాకలేదు. కొన్న యువకుడికి వైద్యుడు, మోసిన యువకుడికి పదేళ్లు.

భంగు సంగతి సరే సరి. వారణాసి, జైసల్మేర్‌లలో ప్రభుత్వ అనుమతి ఉన్న భంగు దుకాణాలు బహిరంగంగా నడుస్తాయి. కేంద్ర చట్టం ఆకును వదిలేసింది కాబట్టి దాన్ని అనుమతించాలా వద్దా అన్నది ఆయా రాష్ట్రాల ఎక్సైజ్ చట్టాల ఇష్టం. అక్కడ చెల్లింది ఇక్కడా చెల్లుతుందనుకుంటే చిక్కే. నార కోసం పెంచే జనుపజాతి గంజాయి మొక్కకు ఉత్తరాఖండ్ 2018లోనే అనుమతిచ్చింది. హిమాచల్‌ప్రదేశ్ అసెంబ్లీ 2024లో వైద్య, పారిశ్రామిక అవసరాల సాగుకు అనుకూలంగా తీర్మానించింది. వీటిని చూపించి ఏజెన్సీలోనూ అనుమతులు వస్తాయని దళారులు నమ్మబలికితే మోసపోవద్దు. నార రకంలో మత్తు నామమాత్రం. శీలావతి పెరిగేదే మత్తు కోసం.

విదేశాలకు వెళ్లేవారూ జాగ్రత్త

2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్ గంజాయిని అత్యంత ప్రమాదకర పదార్థాల జాబితా నుంచి తొలగించింది. 27-25 ఓట్లతో నెగ్గిన ఆ ప్రతిపాదనకు భారత్ అనుకూలంగా ఓటేసింది. దేశీయ చట్టం మాత్రం మారలేదు.

చదువులకు అమెరికా వెళ్తున్న తెలుగు విద్యార్థులు తెలుసుకోవాల్సిన తిరకాసు మరొకటి ఉంది. కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాలు 2012లో వినోద వినియోగాన్ని చట్టబద్ధం చేశాయి. 2024 చివరికి అలాంటి రాష్ట్రాలు 24 అయ్యాయి. కానీ వీసాలు చూసేది రాష్ట్రం కాదు, కేంద్రం. 1970 నాటి సమాఖ్య చట్టం గంజాయిని నియంత్రిత పదార్థంగా పరిగణిస్తుంది. దుకాణంలో రసీదుతో కొన్నా, ఆ వాడకాన్ని వలస అధికారి ముందు ఒప్పుకొంటే దేశంలోకి ప్రవేశం నిరాకరించే అవకాశం ఉంది. కెనడాలో 2018 అక్టోబరు నుంచి పెద్దలు 30 గ్రాముల వరకు దగ్గర ఉంచుకోవచ్చు. అదే పొట్లంతో సరిహద్దు దాటితే నేరం. థాయిలాండ్ 2022 జూన్‌లో ఆంక్షలు ఎత్తేసి, 2025 జూన్‌లో వైద్యుడి చీటీ తప్పనిసరి చేసింది. సింగపూర్‌లో అర కిలోకు మించి రవాణా చేస్తే మరణదండన.

సాయం కోసం..

రాష్ట్రంలో గంజాయి సాగు, రవాణాపై సమాచారం ఇవ్వదలచినవారు ఈగల్ విభాగం ఉచిత నంబరు 1972కు, తెలంగాణలో 1908కు ఫోన్ చేయవచ్చు. అరెస్టైనవారికి ఆర్థిక స్తోమత లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా న్యాయవాదిని పొందే హక్కుంది. షెడ్యూల్డు తెగలవారికి ఆదాయ పరిమితితో నిమిత్తం లేకుండానే ఈ సాయం అందుతుంది. కుటుంబసభ్యులు 15100 నంబరులో సంప్రదించవచ్చు. అరెస్టు తేదీ, కేసు నంబరు, పోలీసు స్టేషన్ పేరు దగ్గర ఉంచుకుంటే అభియోగపత్రానికి గడువైన 180 రోజులను లెక్కించడం సులువవుతుంది. ఆ గడువులోగా అభియోగపత్రం దాఖలు కాకపోతే, కోర్టు పొడిగింపు ఇవ్వకపోతే, వాణిజ్య పరిమాణం కేసుల్లోనూ బెయిలు కోరే హక్కు నిందితుడికి లభిస్తుంది.